ఒక కలం పేరు వెనక ఇద్దరు: పారానార్మల్ రొమాన్స్‌లో జంట రచన లోగుట్టు

కిట్ రోచా పేరుతో వచ్చిన నవలలు న్యూయార్క్ టైమ్స్ బెస్ట్ సెల్లర్ జాబితాకెక్కాయి. పాఠకులు ఆ పేరు చూసే పుస్తకం కొంటారు. కానీ ఆ పేరుగల మనిషి ఎక్కడా లేదు. డోనా హెరెన్, బ్రీ బ్రిడ్జెస్ అనే ఇద్దరు అమెరికన్ రచయిత్రులు కలిసి పెట్టుకున్న పేరది. అంతకు ముందు వీళ్లిద్దరే మోయిరా రోజర్స్ అనే ఇంకో పేరుతో తోడేలు మనుషులు, మంత్రగత్తెలు, వాంపైర్లు తిరిగే ప్రేమకథలు డజన్ల కొద్దీ రాశారు. ఆ కథల్లో శృంగారం మాటవరసకి ఉండేది కాదు. పడకగది తలుపు దగ్గర పాఠకుణ్ణి ఆపేసే అలవాటు వాళ్లకి లేదు.

ఇలా ఇద్దరు కలిసి రాశారని తెలియగానే అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఎవరు ఏ భాగం రాశారు? ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోతే అసలు సంగతి చేజారిపోతుంది. వాక్యాలు పంచుకోవడం పెద్ద కష్టమేం కాదు. చివరి మాట ఎవరిది, డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది, పాఠకులకి ఎంతవరకు చెప్పాలి, ఒకరు తప్పుకుంటే ఆ పేరు ఎవరికి చెందుతుంది అన్నవే చిక్కుముళ్లు. ఉమ్మడి కలం పేరంటే ఇద్దరి మధ్య కుదిరిన ఒప్పందం. ఆ ఒప్పందం ఎంత స్పష్టంగా ఉంటే ఆ పేరు అంత బాగా రాస్తుందని నా నమ్మకం.

ముందు ఆ కథల సంగతి

అమెరికా ప్రచురణ రంగంలో రొమాన్స్ నవల అనిపించుకోవాలంటే రెండు షరతులు నెగ్గాలి. కథకి కేంద్రం ప్రేమే కావాలి. ముగింపులో ఆ జంట బాగుంటుందన్న భరోసా పాఠకులకి దొరకాలి. నాయకుడు చచ్చిపోతే అది ప్రేమకథ కావచ్చు గానీ ఆ అరలో పెట్టరు. ఇందులోకి మానవాతీత లోకం వచ్చి చేరితే పారానార్మల్ రొమాన్స్. ఎరోటిక్ అన్న విశేషణం కూడా తగిలితే ఇంకో షరతు పడుతుంది: శృంగార సన్నివేశాలు తీసేస్తే కథ కూలిపోవాలి. అలంకారానికి అక్కడక్కడ చల్లితే సరిపోదు. ప్రతి కలయిక తర్వాతా ఆ ఇద్దరి మధ్య ఏదో ఒకటి మారాలి. నమ్మకం పెరగాలి, లేదంటే విరగాలి.

ఈ రకం పుస్తకాలు అమెరికాలో ఎదిగిన కాలం స్పష్టంగానే కనిపిస్తుంది. 1993లో లారెల్ కె. హామిల్టన్ వాంపైర్లని వేటాడే నాయికతో సిరీస్ మొదలుపెట్టారు. 1999లో క్రిస్టీన్ ఫీహన్, 2005లో జె.ఆర్. వార్డ్ తమ తమ వాంపైర్ లోకాలతో వచ్చారు. ఇదంతా అచ్చు పుస్తకాల సంగతి. దానికి సమాంతరంగా ఇంకో దారి తెరుచుకుంది. 2000లో ఎల్లోరాస్ కేవ్ అనే చిన్న సంస్థ మొదలైంది. పెద్ద ప్రచురణకర్తలు మరీ ఘాటుగా ఉన్నాయని పక్కన పెట్టిన కథల్ని అది ఈబుక్కులుగా అమ్మింది. కిండిల్ మార్కెట్లోకి రావడానికి అప్పటికింకా ఏడేళ్లుంది. చాలామంది కంప్యూటర్ తెర మీదే చదివేవారు. కవర్ ఎవరికీ కనిపించదు, కొట్టువాడి ముందు బిడియపడే పని లేదు. కొన్నేళ్లకి సామ్హెయిన్ లాంటి సంస్థలు కూడా వచ్చాయి. మోయిరా రోజర్స్ పుస్తకాలు ఎన్నో అక్కడి నుంచే వచ్చాయి.

మనకి ఈ సరుకు కొత్తేం కాదు. పెద్దన మనుచరిత్రలో వరూధిని మనిషి కాదు, దేవతల కోవకి చెందిన స్త్రీ. ఆమె ప్రవరుణ్ణి కోరుకుంది, అతను కాదని వెళ్లిపోయాడు. ఆమెని ఎప్పటి నుంచో కోరుకుంటున్న గంధర్వుడు ప్రవరుడి రూపం వేసుకుని వచ్చి చేరాడు. సూరన కళాపూర్ణోదయంలో రూపాల మార్పిడి ఇంకా చిక్కగా ఉంటుంది. మానవాతీత శృంగార కథని నడపడంలో మన ప్రబంధ కవుల చేయి ఎంత తిరిగిందో చూడాలంటే ఈ రెండూ చాలు. మాయాప్రవరుడి దగ్గరికి మళ్లీ వస్తాను, ఇప్పటి రచయిత్రులకి అతనో పెద్ద సమస్య.

ఇద్దరెందుకు

ఈ రకం పాఠకులు ఒక్క పుస్తకంతో ఆగరు. తోడేలు మనుషుల ముఠాలో అన్న కథ చదివాక తమ్ముడి కథ కావాలి, ఆ తర్వాత ముఠా నాయకుడి కథ కావాలి. వాళ్ల ఊరు, పగలు, కట్టుబాట్లు అన్నీ కొనసాగాలి. మధ్యలో రెండేళ్లు విరామం వస్తే పాఠకురాలు ఇంకో సిరీస్‌కి వెళ్లిపోతుంది. ఒంటరి రచయిత్రికి ఈ వేగం నిలబెట్టుకోవడం టెన్షన్. ఇద్దరుంటే ఒకరు రాస్తుండగా ఇంకొకరు ముందు అధ్యాయం దిద్దుతారు. ఒకరికి ఒంట్లో బాగోకపోయినా పని ఆగదు.

వేగం పైకి కనిపించే కారణం. నాకు అంతకంటే ముఖ్యంగా అనిపించేది లోకం కట్టే పని. మామూలు ప్రేమకథలో లోకం ముందే ఉంటుంది. రాజమండ్రి అంటే గోదావరి ఉంటుందని ఎవరూ చెప్పక్కర్లేదు. పారానార్మల్ కథలో పౌర్ణమి నాడు ఏం జరుగుతుందో, వెండి తగిలితే ఏమవుతుందో, వాంపైర్ కరిస్తే మనిషి మారిపోతాడా లేదా అన్నదీ రచయితే తేల్చాలి. తేల్చాక పదో పుస్తకంలోనూ దానికి కట్టుబడాలి. ఈ రచయితలు సిరీస్ బైబిల్ అనే ఒక ఫైలు పెట్టుకుంటారు. పాత్రల కళ్ల రంగు నుంచి మంత్రాల పరిమితుల దాకా అందులో ఉంటాయి. అలాంటి లోకాన్ని ఒక బుర్ర కంటే రెండు బుర్రలు బాగా కాపాడతాయి. ఒకరు కట్టిన నియమాన్ని ఇంకొకరు అన్ని వైపుల నుంచీ గుచ్చి చూస్తారు.

పని పంచుకునే పద్ధతులు జంటని బట్టి మారతాయి. అన్నిటికంటే కచ్చితమైన విభజన ఎల్లరీ క్వీన్‌ది. 1929లో మొదటి నవలతో వచ్చిన ఆ డిటెక్టివ్ రచయిత నిజానికి బ్రూక్లిన్‌కి చెందిన ఫ్రెడరిక్ డానే, మాన్‌ఫ్రెడ్ లీ అనే, వరసకి అన్నదమ్ములయ్యే ఇద్దరు. డానే కథాంశం, ఆధారాలు, చిక్కుముడి అన్నీ వివరంగా రాసిచ్చేవారు. లీ దాన్ని నవలగా మలిచేవారు. పైకి చూస్తే ఇంతకంటే చక్కని ఏర్పాటు ఉండదనిపిస్తుంది. కానీ వాళ్ల ఉత్తరాలు చదివితే ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్న సామెత గుర్తొస్తుంది. నా నిర్మాణాన్ని పాడు చేస్తున్నావని ఒకరు, ప్రాణం లేని బొమ్మలకి ప్రాణం పోయమంటున్నావని ఇంకొకరు ఏళ్ల తరబడి దెబ్బలాడుకున్నారు. గీత గీసినట్టు పని పంచుకుంటే గొడవలు తగ్గుతాయనుకుంటాం. వాళ్ల విషయంలో ఆ గీత మీదే గొడవలన్నీ జరిగాయి.

దీనికి పూర్తి భిన్నంగా ఉంటుంది ఇలోనా ఆండ్రూస్ పద్ధతి. ఇది భార్యాభర్తల పేరు. ఇలోనా రష్యాలో పుట్టారు. ఆండ్రూ గోర్డన్ అమెరికా సైన్యంలో కమ్యూనికేషన్స్ సార్జెంట్‌గా చేశారు. కాలేజీలో ఇంగ్లిష్ కాంపోజిషన్ క్లాసులో కలుసుకున్నారు. ఆ క్లాసులో ఇలోనాకే మంచి గ్రేడు వచ్చిందని వాళ్ల పరిచయంలోనే రాసుకుంటారు. మాయాశక్తి ఉప్పెనలా వచ్చిపోయే అట్లాంటా నగరంలో నడిచే వాళ్ల సిరీస్ 2007లో మొదలైంది. వాళ్లు ముందు సన్నివేశాన్ని మాటల్లో ఆడుకుని, ఆ తర్వాతే టైపు చేస్తారు. కాబట్టి ఏ వాక్యం ఎవరిదన్న లెక్క వాళ్లకే దొరకదు. వాళ్ల పుస్తకాల్లో శృంగారం పాలు తక్కువే గానీ జంట రచన గురించి ఆలోచించేవాళ్లు ఈ ఇద్దర్నీ చూడకుండా వెళ్లకూడదు.

రొమాన్స్‌లో ఇంకో పద్ధతి బాగా అచ్చొచ్చింది. కథ ఒక అధ్యాయం నాయిక వైపు నుంచి, ఇంకో అధ్యాయం నాయకుడి వైపు నుంచి నడుస్తుంది. చెరో పాత్రని తీసుకుంటే గొంతులు సహజంగానే వేరుగా వినిపిస్తాయి. కానీ ఇది పూర్తి పరిష్కారం కాదు. నాయకుడి అధ్యాయంలో కూడా నాయిక మాట్లాడుతుంది. ఆమె మాటతీరు అక్కడా అలాగే ఉండాలి.

దగ్గర్నుంచి చూద్దాం. నేనే కల్పించిన ఉదాహరణ ఇది. నాయకుడు తోడేలు మనిషి. ఆరో అధ్యాయంలో, ముఠాల గొడవలో, అతని ఎడమ భుజంలో వెండి కత్తి దిగింది. ఆ లోకంలో నియమం ఏమిటంటే మామూలు గాయం గంటలో మానిపోతుంది, వెండి చేసిన గాయం మూడు రోజులు సలుపుతుంది. ఏడో అధ్యాయం రెండో రచయిత్రి రాస్తోంది. అదే రాత్రి, నాయికా నాయకులు మొదటిసారి దగ్గరవుతున్నారు. డ్రాఫ్టులో అతను ఆమెని అమాంతం ఎత్తుకుని గోడకి ఆనించాడు. మొదటి రచయిత్రి పక్కన ఒక్క మాట కామెంట్ పెట్టింది: "భుజం?"

ఆ ఒక్క మాటతో సన్నివేశం తలకిందులవుతుంది. ఇప్పుడు అతను ఎత్తుకోలేడు. ఎత్తుకోబోయి పళ్లు బిగబట్టాడు. ఆమె చూసింది, ఆగింది, చొక్కా పక్కకి లాగి కట్టు విప్పి చూసింది. ముఠాలో ఎవరికీ నొప్పి చూపించని మనిషి ఈమె ముందు కూర్చుని, సూది గుచ్చుతుంటే భరించాల్సి వచ్చింది. ఇక ఏం చేయాలో, ఎప్పుడు చేయాలో ఆమె నిర్ణయిస్తుంది. మొదటి డ్రాఫ్టులో ఉన్నది బలప్రదర్శన. రెండో దాంట్లో ఇద్దరి సంబంధం మారిపోయింది. నియమం గుర్తుపెట్టుకున్న ఒకరు, సన్నివేశం రాయగలిగిన ఇంకొకరు ఉన్నందుకే ఇది జరిగింది. ఒంటరి రచయిత్రి ఆ తప్పు తానే పట్టుకునేదేమో. కానీ ఉత్సాహంగా రాస్తున్న చేతికి తన తప్పు కనిపించడం కష్టం.

ఇలాంటి మార్పులు వంద జరిగాక గొంతు ఒక్కటి కావాలి. చివరిసారి దిద్దే పని ఒకరి చేతిలోనే ఉండాలని నేను గట్టిగా అంటాను. ప్రతి పుస్తకానికీ మారినా ఫర్వాలేదు, ఒక పుస్తకానికి మాత్రం ఒక్కరే. ఇద్దరూ చివరి దాకా దిద్దుతూ పోతే గరుకుతనం, మెరుపు రెండూ అరిగిపోయి వాక్యాలు చప్పబడతాయి.

శృంగారం ఇద్దరు రాస్తే

చాలామందికి ఇక్కడే ఆశ్చర్యం. ఇంత అంతరంగమైన విషయం ఇంకొకరితో కలిసి ఎలా రాస్తారు? స్నేహితురాలి ముందు ఆ వర్ణన పెట్టి ఎలా ఉందో చెప్పమని అడగడానికి మొహమాటం ఉండదా? ఉంటుంది. ఆ మొహమాటం పోయేదాకా జంట నిలదొక్కుకోదు. పోయాక దొరికే లాభం మాత్రం పెద్దది. ఒంటరిగా రాసేవాళ్లు తమ ఊహని సరిచూసుకునేది ఎడిటర్ దగ్గరికి పంపాకే. ఇక్కడ మొదటి పాఠకురాలు పక్కనే ఉంటుంది. ఏది వేడిగా ఉందో, ఏది వెగటుగా ఉందో, ఎక్కడ చెయ్యి ఎక్కడుందో అర్థం కాలేదో వెంటనే చెబుతుంది.

మాటల ఎంపిక ఇంకో గొడవ. శరీరం గురించి రాసేటప్పుడు ప్రతి రచయిత్రికీ నచ్చని మాటలు కొన్ని ఉంటాయి. జంట ముందే కూర్చుని ఏవి వాడాలో, ఏవి వాడకూడదో తేల్చుకోవాలి. లేకపోతే పుస్తకం మధ్యలో గొంతు మారిపోయినట్టు పాఠకులకి తెలిసిపోతుంది. తెలుగులో రాసేవాళ్లకి ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. ప్రబంధ భాష ఇప్పటి పాత్రల నోట అతకదు, వీధి భాష తిట్టులా వినిపిస్తుంది. మధ్యస్థంగా ఉండే మాటలు మనకి తక్కువ, ఉన్నవాటిని వాడి వాడి నలగ్గొట్టాలి.

ఇక ఇష్టాయిష్టాల సంగతి. ఈ కథల్లో విధి కలిపిన జంట అనే సూత్రం బాగా చెల్లుతుంది. తోడేలు మనిషికి ఒక్క వాసనతో తెలిసిపోతుంది, ఈమే తన జత అని. పాఠకులకి అది ఎంతో ఇష్టం, ఎవరైనా తమని అంత నిస్సందేహంగా కోరుకోవాలని ఎవరికుండదు? కానీ విధే కలిపేస్తే ఇక ఆమె ఒప్పుకోవడానికి ఏం మిగిలింది? ఆమెకి నిజంగా ఇష్టమా, లేక జాతకం అలా ఉంది కాబట్టి సరేనంటోందా? ఇక్కడే మాయాప్రవరుడు అడ్డు తగులుతాడు. పెద్దన కథలో వరూధిని తన మనసైనవాడే వచ్చాడనుకుంది. వచ్చింది వేరేవాడు. ఇప్పటి పారానార్మల్ రొమాన్స్‌లో ఆ గంధర్వుడు నాయకుడు కాలేడు, దుష్టపాత్ర అవుతాడు. అబద్ధపు రూపంతో పొందిన ఒప్పుకోలు చెల్లదని ఈనాటి పాఠకులు నిక్కచ్చిగా అంటారు. నేను కూడా వాళ్ల వైపే.

రూపాలు మారే, మనసులు చదివే, శతాబ్దాల వయసున్న పాత్రలతో రాసేటప్పుడు బలంలో అసమానత ప్రతి పేజీలోనూ ఉంటుంది. జంటలో ఒకరు ఆ వేడిలో కొట్టుకుపోతుంటే ఇంకొకరు ఆగి నాయిక వైపు నుంచి అడగగలగాలి. ఈ రంగంలో జంట రచనకి ఇంతకు మించిన సమర్థన నాకు కనిపించలేదు.

ఒకే పేరు ఎందుకు, ఎంత చెప్పాలి

రెండు పేర్లూ కవర్ మీద వేసుకోవచ్చు కదా? వేసుకునేవాళ్లున్నారు. అయితే పాఠకులు పేరుని గుర్తుపెట్టుకుంటారు, రెండు పేర్లని తికమకపడతారు. వెతికినప్పుడు ఒక్క పేరు తేలిగ్గా దొరుకుతుంది. అంతకంటే ముఖ్యంగా, పేరంటే పాఠకులకి ఇచ్చే మాట. మోయిరా రోజర్స్ అంటే మానవాతీత లోకం. అదే జంటకి 2012లో తోడేళ్లు, మంత్రాలు లేని కథ రాయాలనిపించింది. నాగరికత కూలిపోయాక గోడల మధ్య మిగిలిన నగరం, దాని చుట్టూ ముఠాలు ఏలే పేటలు. ఆ కథని పాత పేరు మీద తెస్తే పాత పాఠకులు మోసపోయామనుకునేవారు. అందుకే కిట్ రోచా పుట్టింది. ఆ సిరీస్‌ని వాళ్లు సొంతంగా ప్రచురించుకున్నారు, అదే వాళ్లని పై మెట్టుకి తీసుకెళ్లింది. 2020లో టోర్ లాంటి పెద్ద సంస్థ వాళ్ల కొత్త సిరీస్ మొదలుపెట్టింది. గమనించాల్సిన సంగతి ఏమిటంటే, రెండు పేర్ల వెనకా ఉన్నది తామేనని వాళ్లు దాచలేదు.

అందరూ అంత తెరిచి చెప్పరు. స్పెయిన్‌లో కార్మెన్ మోలా అనే పేరుతో నెత్తురోడే థ్రిల్లర్లు వచ్చాయి. రచయిత్రి మాడ్రిడ్‌లో ఉండే ప్రొఫెసర్ అని, ముగ్గురు పిల్లల తల్లి అని ప్రచారం చేశారు. 2021 అక్టోబరులో ప్లానెటా బహుమతి ఆ పేరుకి వచ్చింది, పది లక్షల యూరోలు. వేదిక మీదికి ముగ్గురు మగవాళ్లు ఎక్కారు. మాడ్రిడ్‌లో మహిళల పుస్తకాల దుకాణం ఒకటి ఆ పుస్తకాల్ని తీసేసింది. ముగ్గురు కలిసి రాయడం మీద ఎవరికీ అభ్యంతరం లేదు. ఆడ పేరు పెట్టుకోవడం కూడా అంత పెద్ద నేరం కాదు. లేని మనిషికి ఒక జీవితం అల్లి, పిల్లల్ని కూడా ఇచ్చి, దాన్ని అమ్మకానికి వాడుకోవడం మనసుల్ని నొప్పించింది.

ఆడపేరుతో మగవాళ్లు రాయడం మన వారపత్రికలకీ తెలుసు. ఆంధ్రజ్యోతి వీక్లీలో ఇల్లాలి ముచ్చట్లు రాసిన పురాణం సీత నిజానికి పురాణం సుబ్రహ్మణ్యశర్మ. ఆ శీర్షిక జనానికి ఎంతో నచ్చింది. కానీ సరదా కబుర్ల శీర్షిక వేరు, శృంగార నవల వేరు. ఎరోటిక్ రొమాన్స్ ఎక్కువగా చదివేది ఆడవాళ్లు. కోరిక గురించి తమలాంటి మనిషే రాసిందన్న నమ్మకంతో చదువుతారు. ఆ నమ్మకాన్ని తెలిసి తెలిసి వాడుకుంటే బయటపడిన రోజు పేరు మొత్తం పోతుంది.

అలాగని అందరూ అన్నీ చెప్పేయాలనడం అన్యాయం. శృంగారం రాసేవాళ్లకి ఉద్యోగం పోతుందన్న భయం, అత్తింట్లో తెలుస్తుందన్న భయం నిజమైనవి. అసలు పేరు దాచుకునే హక్కు వాళ్లకి పూర్తిగా ఉంది. నా వరకు గీత ఇది: పేరు దాచొచ్చు, ఇద్దరం అన్న సంగతి చెప్పొచ్చు, లేని జీవితం అల్లకూడదు. ముద్దుపళని రాధికాసాంత్వనం అనే శృంగార కావ్యాన్ని తన పేరుతోనే రాసింది. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ దాన్ని మళ్లీ అచ్చు వేయించినప్పుడు ఎంత దుమారం రేగిందో, బ్రిటిష్ ప్రభుత్వం ఎలా నిషేధించిందో తలుచుకుంటే ఈనాటి రచయిత్రుల జాగ్రత్త అర్థమవుతుంది.

కలం పేరు చట్టం నుంచి కాపాడుతుందని మాత్రం అనుకోవద్దు. మన దేశంలో అశ్లీలతకి భారతీయ న్యాయ సంహిత 294వ సెక్షన్, ఆన్‌లైన్‌లో పెడితే ఐటీ చట్టం 67వ సెక్షన్ ఉన్నాయి. సాహిత్యం, కళ కోసం చేసిన రచనలకి మినహాయింపు ఉంది. 2014లో అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు పాత బ్రిటిష్ కొలమానాన్ని వదిలేసి, ఇప్పటి సమాజపు ప్రమాణాలతో చూడాలంది. అయినా ఆ మినహాయింపు తమకి వర్తిస్తుందని వాదించుకోవాల్సింది రాసినవాళ్లే. ఇద్దరు రాస్తే ఇద్దరూ బాధ్యులే.

డబ్బు, హక్కులు

స్నేహాలు విరిగేది ఇక్కడే. రచయితలు సొంతంగా ప్రచురించుకునే అమెజాన్ వేదిక కేడీపీలో పుస్తకం పెడితే రాయల్టీ ఒక్క ఖాతాకే వస్తుంది. ఇద్దరికీ పంచి పంపే ఏర్పాటు అందులో లేదు. డ్రాఫ్ట్‌టుడిజిటల్ లాంటి కొన్ని వేదికలు ఆ సౌకర్యం ఇస్తాయి. లేని చోట డబ్బు ముందు ఒకరి చేతికి వస్తుంది, ఇంకొకరు ఎదురుచూస్తారు. పన్ను కాగితాలు కూడా డబ్బందుకున్నవారి పేరు మీదే వస్తాయి. మొత్తం ఆదాయం తనదన్నట్టు లెక్క పడి, సగం పంచాక కూడా మొత్తానికి పన్ను సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తుంది. అందుకే అమెరికాలో చాలా జంటలు చిన్న కంపెనీ పెట్టుకుంటాయి. మన దగ్గరైతే భాగస్వామ్య సంస్థో, పరిమిత బాధ్యత ఉండే భాగస్వామ్యం అయిన ఎల్ఎల్‌పీనో పెట్టుకోవచ్చు. అంత ఆదాయం లేని రోజుల్లో కనీసం రాతపూర్వక ఒప్పందం, నెలనెలా లెక్క చూపించే ఒక షీటు ఉండాలి.

మన కాపీరైట్ చట్టం ప్రకారం ఇద్దరి భాగాలు విడదీయడానికి వీల్లేనట్టు కలిసిపోతేనే అది ఉమ్మడి రచన. పైన చెప్పిన భుజం సన్నివేశం సరిగ్గా అలాంటిది. ఎవరి వాటా ఎంతో కొలవడం ఏ కోర్టు వల్లా కాదు. అమెరికా చట్టంలో ఒక మెలిక ఉంది. ఉమ్మడి హక్కుదారుల్లో ఎవరైనా, రెండోవారిని అడగకుండానే, ప్రత్యేక హక్కు కాని లైసెన్స్ ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. వచ్చిన లాభంలో వాటా పంచితే చాలు. అంటే ఒకరికి అస్సలు నచ్చని వెబ్ సిరీస్‌కి ఇంకొకరు సరే అనేయొచ్చు. ఒప్పందంలో ఇద్దరి సంతకం తప్పనిసరి అని రాసుకుంటే ఈ తలనొప్పి ఉండదు. ఆ కాగితంలో నాలుగు సంగతులు చాలు: డబ్బు ఎలా పంచుకుంటాం, హక్కులకి ఎవరి సమ్మతి కావాలి, అభిప్రాయం కలవకపోతే చివరి మాట ఎవరిది, విడిపోతే పేరు ఎవరిది. ప్రతిలిపి లాంటి ఆన్‌లైన్ వేదికల్లో సీరియళ్లు రాస్తున్న స్నేహితులెవరైనా జంటగా రాద్దామనుకుంటే మొదటి భాగం పెట్టక ముందే ఇది రాసుకోవాలి. పాఠకులు పెరిగాక ఈ మాటలెత్తితే అనుమానిస్తున్నావా అన్న నిష్ఠూరం వస్తుంది.

ఒకరు లేనప్పుడు

విడిపోవడం కంటే చావు గురించి మాట్లాడటం కష్టం. మాట్లాడకపోతే పేరు గాల్లో వేలాడుతుంది. లీ 1971లో చనిపోయాక డానే ఇంకో పదకొండేళ్లు బతికారు గానీ ఎల్లరీ క్వీన్ నవల మళ్లీ రాలేదు. నిర్మాణం చేసేవారున్నా గొంతు పోయింది. లీ బతికుండగానే, రాయలేకపోయిన రోజుల్లో, డానే స్కెచ్‌లని వేరే రచయితలు నవలలుగా రాసిచ్చారు. కానీ అప్పటికి ఆ పేరు వెనక జంట ఇంకా ఉంది.

మన బీనాదేవి కథ ఇంకో రకం. భాగవతుల నరసింగరావు, త్రిపురసుందరమ్మ దంపతులు కలిసి పెట్టుకున్న పేరది. ఆయన న్యాయమూర్తి. కోర్టుల్లో, సమాజంలో కనిపించే అన్యాయం ఆ కథల్లో మండుతుంటుంది. భర్త పోయాక కూడా ఆమె అదే పేరుతో రాశారు. ఆమె అప్పుడు రాసింది తన సొంత రచనా, ఇద్దరిదా అని అడగడం నాకు ముఖ్యమనిపించదు. ఆ గొంతులో సగం మొదటి నుంచీ ఆమెదే.

తిరుపతి వేంకట కవులు ఇంకా ముందుకెళ్లారు. దివాకర్ల తిరుపతిశాస్త్రి 1920లో కన్నుమూశారు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి ఆ తర్వాత మూడు దశాబ్దాలు బతికి, తాను ఒక్కరే రాసినవి కూడా ఇద్దరి పేరు మీదే వెలువరించారు. కోరుకుంటే తన పేరొక్కటే వేసుకోవచ్చు, ఎవరూ తప్పు పట్టేవారు కాదు. పేరుని అలా నిలబెట్టడం ప్రేమ. ఇక కలిసి రాయడానికి చట్టంలో కూడా ఒక ఫలితం ఉంది. ఇద్దరు కలిసి రాసిన వాటికి కాపీరైట్ గడువు చివరగా చనిపోయినవారి నుంచి లెక్కిస్తారు, మన దేశంలో అరవై ఏళ్లు, అమెరికాలో డెబ్బై. చెళ్లపిళ్ల 1950లో పోయారు. ఇప్పటి లెక్కన జంట కావ్యాల గడువు 2010 చివరితో తీరింది. తిరుపతిశాస్త్రి ఒక్కరే రాసి ఉంటే అదే లెక్కన 1980తోనే తీరేది. కలిసి రాసినందుకు ఆయన భాగానికి ఇంకో ముప్ఫై ఏళ్లు కలిసొచ్చాయి.